ముక్కు చూసిందా?

స్టవ్ మీట మూడుసార్లు తాకి చూశాక కూడా నేను గుమ్మం దాటలేకపోయాను. చెప్పులు విప్పి మళ్ళీ లోపలికి వచ్చి తాకాను. మీట అడ్డంగా ఉంది. అడ్డంగా ఉంటే ఆపినట్టే. ఆ సంగతి నాకు తెలుసు, చేతికే నమ్మకం కుదరదు.

"దాన్ని కూడా విమానమెక్కించుకో. ఒళ్ళో పెట్టుకుని కూర్చుందువు గాని," అంది వదిన, చొక్కాకి గుండీ కుడుతూ తలెత్తకుండానే.

అన్నయ్య ఓడల మీద పనిచేస్తాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు సముద్రంలోనే. ఈ మూడు గదుల్లో మిగిలేది నేనూ, వదినా, వదిన కుట్టుమిషనూ.

"ఆపే ఉంది కదా వదినా?"

"ఉంది తల్లీ, ఉంది. రాసిమ్మంటే రాసిస్తాను, కింద సంతకం పెడతాను." దారం పళ్ళతో తెంపి, గొంతు తగ్గించింది. "నాకు తెలిసింది మీ ఆఫీసులో కూడా చెప్పి ఉంటే ఈ తిప్పలుండేవా? ఇవాళైనా చెప్తావా?"

"చెప్తాను."

"పోయిన నెల కూడా ఇదే మాట, ఇదే గుమ్మం దగ్గర."

వదినకి కూడా నేనుగా చెప్పలేదు. దొరికిపోయాను. నాలుగు నెలల కిందట జ్వరం తగ్గిన వారానికి, పాలు మాడి గిన్నె నల్లబడి, పక్కింటావిడ వచ్చి తలుపు బాదేదాకా నేను పొయ్యి పక్కనే నిలబడి పుస్తకం చదువుకుంటున్నాను. వదిన పరిగెత్తుకొచ్చి ముందు గిన్నె వైపు, తర్వాత నా వైపు చూసింది. మర్నాడు కళ్ళు మూసుకోమని నా ముక్కు కింద ఏవేవో పెట్టింది. సబ్బు, కాఫీ పొడి, కిరసనాయిలు. అన్నిటికీ నేను "నీళ్ళు" అన్నాను.

ఉన్న వాసన రాదు. లేని వాసన మాత్రం అప్పుడప్పుడు వస్తుంది. స్నానం చేస్తుండగానో, బస్సులోనో ఉన్నట్టుండి రబ్బరు కాలినట్టు. చుట్టూ చూస్తే అందరూ మామూలుగా ఉంటారు. అందుకే మీటలు తాకుతాను, గోడలు తాకుతాను, ఇస్త్రీపెట్టె చల్లారిందో లేదో చేతి వెనక వైపుతో చూస్తాను. మనిషికి ఒక తలుపు మూసుకుపోతే మనసు ఇంకో తలుపు దగ్గరే రోజంతా కాపలా కాస్తుందేమో.

ఇది ఇంకెవరికైనా జరిగి ఉంటే ఇంత గొడవ లేదు. ఏడేళ్ళుగా విమానాల్లో పనిచేస్తున్న నన్ను పైలట్ల దగ్గర్నుంచి మెట్లబండి తోసే మనిషి దాకా అందరూ పిలిచే పేరు "ముక్కు".

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒకసారి గాల్లో ఉండగా, ఏదో మాడుతోందని ఒంటిదాన్ని పట్టుబట్టాను. మిగతా వాళ్ళెవరికీ ఏమీ రాలేదు. నవ్వారు కూడా. దిగాక ఒక సీటు పైన దీపం పలక విప్పితే లోపల తీగ నల్లబడి ఉంది. అప్పట్నుంచి నాకా పేరు వచ్చింది. పేరుతో పాటు ఒక అలవాటు కూడా వచ్చింది. నియమం ప్రకారం, క్యాబిన్‌లో ఏ వింత వాసన వచ్చినా, ఎవరికి వచ్చినా, ముందు కాక్‌పిట్‌కి చెప్పాలి. మా దగ్గర ముందు నన్ను పిలుస్తారు. నేను ఎక్కిన విమానంలో ఎవరైనా తొందరపడి కెప్టెన్‌కి చెప్తే ఆయన అడిగే మొదటి మాట, "ముక్కు చూసిందా?" నేను సెంటు అంటే అది సెంటే. చెప్పులంటే చెప్పులే.

ఈ నాలుగు నెలల్లో నన్ను మూడుసార్లు పిలిచారు. ఎలా నెగ్గుకొచ్చానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను మొహాలు చూశాను. కొంచెం వంగి, కళ్ళు సగం మూసి, గాలి పీల్చి, ఆగుతాను. ఆ ఆగడంలోనే పక్కవాళ్ళు తమకు తెలిసింది నా చేతిలో పెట్టేస్తారు. "షూ వాసన లాగా లేదూ?" "షూ వాసనే" అంటాను నేను. ఏడాదికోసారి జరిగే వైద్యపరీక్షలో కళ్ళు చూశారు, చెవులు చూశారు, గుండె విన్నారు. ముక్కు గురించి ఎవరూ అడగలేదు. కాగితం మీద మాత్రం ఒక గడి ఉంది, ఇంద్రియాల్లో ఏదైనా మార్పు ఉందా అని. లేదు అని రాశాను. చెయ్యి వణకలేదు. అబద్ధం చెప్పానన్న బాధకంటే చెయ్యి వణకలేదన్న సంగతే తర్వాత చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

* * *

ఆ మధ్యాహ్నం విమానం చిన్నది. డెబ్భై రెండు సీట్లు, ముందు ఇద్దరు పైలట్లు, వెనక ఇద్దరం. నాతో వచ్చిన అమ్మాయి చేరి మూడు నెలలే. ఎక్కేటప్పుడే నా పక్కకి జరిగి, "అక్కా, ముక్కు అంటే మీరేనా? ట్రైనింగులో మీ కథ చెప్పారు," అంది.

"ముక్కుతో పాటు కాళ్ళూ చేతులూ కూడా ఉన్నాయమ్మా నాకు. వెళ్ళి బెల్టులు చూడు."

ఆమె నవ్వింది. నాకు మాత్రం లోపల చీమ పాకినట్టయింది.

రెండూ నలభైకి గాల్లోకి లేచాం. మంచినీళ్ళు ఇవ్వడానికి కొత్తమ్మాయి వెళ్ళింది. నేను వెనక ఖాళీ కప్పులు ఒకదాంట్లో ఒకటి దూరుస్తున్నాను. మూడూ పదికి ఆమె ట్రేతో సహా వచ్చేసింది. గడియారం వైపు నేను చూసింది అలవాటు కొద్దీ.

"అక్కా, పదకొండో వరుసలో ఏదో వాసన. అక్కడి పెద్దావిడ కూడా అంటోంది. కెప్టెన్‌కి చెప్పనా?"

ఆమె చెయ్యి అప్పటికే ఇంటర్‌కామ్ మీద ఉంది. సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

"ఆగు, నేను చూస్తాను," అన్నాను.

ఆ మాట నేను అనుకుని అనలేదు. ఐదేళ్ళుగా ఆ చోట ఆ మాట అనడం నోటికి అలవాటు. కొత్తమ్మాయి చెయ్యి కిందికి దిగింది.

పదకొండో వరుస దగ్గర నిలబడి, వంగి, కళ్ళు సగం మూశాను. ఇంజను హోరు, ఎవరో దగ్గడం, అంతే. గాలి చల్లగా లోపలికి వెళ్ళి అంతే ఖాళీగా బయటికొచ్చింది. మొహాలు చూశాను. కిటికీ పక్కన పెద్దావిడ ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని ఉంది. వెనక వరుసలో టై కట్టుకున్న సేల్స్‌మన్ ఒకాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"గోళ్ళ రంగు తుడిచే మందులా ఉంది కదక్కా?" అంది కొత్తమ్మాయి నా భుజం వెనక నుంచి.

"అవును. అదే."

"ఎవరమ్మా వేసుకునేది? నేనా?" అంది పెద్దావిడ, పదివేళ్ళూ చాపి చూపిస్తూ. "ఈ గోళ్ళకి రంగొకటే తక్కువ."

చుట్టుపక్కల నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరి సంచిలోనో సీసా మూత వదులై ఉంటుందని చెప్పి వెనక్కి వచ్చాను.

కప్పులు మళ్ళీ దూర్చడం మొదలుపెట్టాను. దూర్చినవి తీసి మళ్ళీ దూర్చాను. లోపల ఏదో తేలిక పడింది, ఆ తేలికే నచ్చలేదు నాకు. బల్ల అంచు పట్టుకుని ఆ తేలికని వెనక్కి తిప్పి చూసుకున్నాను. ప్రమాదం లేదని తేలిక పడ్డానా? కాదు. ఆ అమ్మాయి నాకు జవాబు అందించిందని తేలిక పడ్డాను. రెండూ ఒకేలా అనిపిస్తాయి. ఛాతీలో ఒకే చోట వదులవుతాయి. వాటిని విడదీయడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

ఆ తర్వాత ట్రైనింగ్ గది గుర్తొచ్చింది. మాస్టారు దగ్గుతూ ఒక చిన్న సీసా బల్ల మీంచి బల్ల మీదికి పంపించారు. "బ్యాటరీ పగలబోయే ముందు ఇలాంటి వాసన వేస్తుంది. తియ్యగా ఉంటుంది. గోళ్ళ రంగనుకుంటారు. అనుకోకండి." సీసా మూత నీలం రంగు. దాని మీద అతికించిన కాగితం ఒక మూల చిరిగి ఉంది. మాస్టారి చొక్కా జేబుకి సిరా మరక. అన్నీ గుర్తొచ్చాయి, వాసన తప్ప. ఆ సీసా నా దగ్గరికి వచ్చినప్పుడు "గోళ్ళ రంగు కాదు సార్, దీని వెనక ఇంకేదో ఉంది" అని నేనే అన్నాను. అన్న మాట గుర్తుంది. దేని గురించి అన్నానో ఆ చోట తెల్లగా ఉంది.

మూడూ పదహారు. ఇంటర్‌కామ్ తీశాను.

"ఏంటి ముక్కూ?" అన్నారు కెప్టెన్. పెద్దాయన, ఇంకో ఏడాదిలో రిటైరవుతారు.

"పదకొండో వరుస దగ్గర వాసన సార్. తియ్యగా ఉందంటున్నారు. పొగ లేదు ఇంకా."

"నువ్వు చూశావా?"

ఇంటర్‌కామ్ రెండో చెవికి మార్చుకున్నాను.

"తొందరగా చెప్పు. దగ్గర్లో ఒక చిన్న రన్‌వే ఉంది, తిప్పాలంటే ఇప్పుడే తిప్పాలి. అది బ్యాగులోదా, వైరింగా? వైరింగైతే నేను అటువైపు కరెంటు తీసెయ్యాలి. బ్యాటరీ అయితే అది దండగ, దీపాలు పోయి పొగలో మీకు కళ్ళు కనపడవు. నీ మాట చాలు నాకు. ఏది?"

బ్యాటరీ అని చెప్పొచ్చు. ఆ ఒక్క మాటతో విమానం తిరుగుతుంది, నా పేరు నాకుంటుంది, గడిలో రాసిన అబద్ధం గడిలోనే ఉంటుంది. బహుశా అది నిజం కూడా కావచ్చు. నోట్లో మాట తయారుగా ఉంది. కానీ అది ఊహ. ఇందాక గోళ్ళ రంగు కూడా ఊహే. పలక వెనక తీగ కాలుతుంటే నేను బ్యాగుల కోసం వెతుకుతుంటాను, ఆయన కరెంటు తియ్యకుండా ఉంటారు, నా మాట మీద. నా ముందు డెబ్భై తలల వెనక భాగాలు కనిపిస్తున్నాయి. ఒకాయన తల అటూ ఇటూ తిప్పి మెడ విరుచుకున్నాడు.

"సార్, నాకు వాసన రాదు."

"ఏంటీ?"

"నాలుగు నెలలైంది, ముక్కు పనిచెయ్యడం లేదు. ఈ అమ్మాయి మూడూ పదికే మీకు చెప్పబోతే నేనే ఆపి, గోళ్ళ రంగన్నాను. ఆరు నిమిషాలు పోయాయి. ఈమెకి వస్తోంది, ఈమెని అడగండి."

అవతల ఊపిరి వినిపించింది. తిట్టు వస్తుందనుకున్నాను. "ఇవ్వు," అన్నారు.

కొత్తమ్మాయి ఇంటర్‌కామ్ అందుకుంది గాని, నా మొహం వైపే చూస్తోంది. ఏ మాట చెప్తే నేను ఒప్పుకుంటానో వెతుకుతోంది. నేను ఇన్నాళ్ళూ చేసిన పనే. ఇందాక పదకొండో వరుస దగ్గర కూడా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చదువుకున్నామన్నమాట.

"నన్ను చూడకు. వెళ్ళినప్పుడు ఏం వచ్చింది, ఇప్పుడేం వస్తోంది, అంతే చెప్పు."

ఆమె కళ్ళు మూసుకుంది. "తియ్యగా సార్... ఘాటుగా. ఇప్పుడు ఇక్కడిదాకా వస్తోంది, ఇందాక రాలేదు. ప్లాస్టిక్ కాలినట్టు లేదు. వైరు మాడితే వచ్చేది నాకు తెలుసు సార్, మా నాన్న మోటార్లు బాగుచేస్తాడు. అది కాదిది."

విమానం ఎడమ పక్కకి వంగడం కాళ్ళకి తెలిసింది.

మందపాటి చేతితొడుగు ఒకటి ఎడమ చేతికి తొడుక్కుని, కుడి చెయ్యి ఖాళీగా ఉంచుకుని వెళ్ళాను. నెత్తి మీద సామాన్ల అరలు ఒక్కొక్కటే చేతి వెనక వైపుతో తాకుతూ పోయాను. అరచెయ్యి మొద్దు. పైగా అది కాలితే మళ్ళీ దేన్నీ పట్టుకోలేం. అందుకే మాకు వెనక వైపు నేర్పుతారు. ఎడమ పది, చల్లన. పదకొండు, చల్లన. కుడి పదకొండు, చల్లన. అసలేమీ లేదేమో, రబ్బరు వాసనలాగా ఇది కూడా లేనిదేమో అనిపించింది. కానీ ఇది నాకు వచ్చిన వాసన కాదు. అది గుర్తుచేసుకుంటే ధైర్యం వచ్చింది, జీవితంలో మొదటిసారి నాకు రానిదాన్ని నమ్మి.

కుడి పన్నెండు. పాలు పొంగబోయే ముందు గిన్నె అంచు ఎలా ఉంటుందో, అలా ఉంది.

"ఇక్కడ," అన్నాను. అనేలోగా ఆ అర తలుపు గొళ్ళెం దగ్గర్నుంచి సన్నగా, తెల్లగా, దారం లాగా పొగ బయటికొచ్చింది.

ఆ తర్వాత జరిగింది మూడు నిమిషాలే, చెప్పడానికి ఎక్కువ లేదు. కొత్తమ్మాయి పొగ ముసుగు, మంటలార్పే ఎర్ర సిలిండర్ తెచ్చింది. ముసుగు తగిలించుకున్నాను. పదో వరుస నుంచి పద్నాలుగు దాకా అందర్నీ ఆమె లేపి ముందుకి పంపించింది. "వంగి నడవండి, బ్యాగులొద్దు, బట్ట ముక్కుకి అడ్డం పెట్టుకోండి," అని ఆమె అంటుంటే ఆ గొంతు మూడు నెలల గొంతులా లేదు. సేల్స్‌మన్ ఒక్కడూ కదలలేదు.

"ఆ అరలోది నా బ్యాగేనండీ! శాంపిల్స్ ఉన్నాయి అందులో!"

"పవర్ బ్యాంక్ ఉందా?"

"ఉందండి, అడుగున. శాంపిల్స్ తడవకూడదండి, వాటికి..."

"ముందు నువ్వు తడవకుండా ఉండు నాయనా, పద," అని పెద్దావిడ అతని టై పట్టుకుని ముందుకి లాక్కుపోయింది.

ఆ అరని సిలిండర్ మూతి పట్టేంత మాత్రం తెరిచి మందు లోపలికి వదిలాను. మూశాను. ఆగాను. మళ్ళీ వదిలాను. తర్వాత కొత్తమ్మాయి సీసా తరవాత సీసా అందిస్తుంటే ఆ బ్యాగు మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాను. మేం పంచిపెట్టాల్సిన మంచినీళ్ళే. తాకి చూడడం, పోయడం, తాకి చూడడం. కిందికి దిగేదాకా నా చెయ్యి ఆ అర మీదే ఉంది. చల్లబడ్డాక కూడా తీయలేకపోయాను. ముసుగు తీశాక చుట్టూ వాళ్ళందరూ దగ్గుతూ, ముక్కులు మూసుకుంటూ ఉన్నారు. వాళ్ళ మధ్య నేనొక్కదాన్నే ఏ వాసనా లేని గాలి పీలుస్తూ, అద్దం అవతల నిలబడ్డట్టున్నాను.

* * *

ఆ చిన్న విమానాశ్రయంలో మాకు ఒక గది ఇచ్చారు. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఆగిపోయిన ఫ్యాను. ప్రయాణికులు అవతల హాల్లో ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. శాంపిల్స్ మాత్రం ముద్దయ్యాయట.

కెప్టెన్ టోపీ బల్ల మీద పెట్టి నా ఎదురుగా కూర్చున్నారు. చాలాసేపు టోపీ అంచే రుద్దారు.

"నాలుగు నెలలా!"

"అవును సార్."

"ఒకసారి పోయిన నెల నాతోనే ఎక్కావు. చెప్పుల వాసనన్నావు."

"పక్కాయన అన్నాడు సార్. నేను అవునన్నాను."

ఆయన నవ్వబోయి మానేశారు. "సిగ్గుండాలి నీకు," అన్నారు. కొంచెం ఆగి, "నాకూ ఉండాలిలే. ముక్కు చూసిందా, ముక్కు చూసిందా అని అడిగి అడిగి, మిగతా వాళ్ళందరికీ ముక్కుల్లేకుండా చేశాను." టోపీ తీసుకుని లేచారు. "రిపోర్టు నువ్వే రాయి. ఉన్నదున్నట్టు రాస్తే రేపట్నుంచి నిన్ను ఎక్కించరు. తెలుసుగా?"

"తెలుసు."

ఆయన వెళ్ళాక కాగితం ముందు పెట్టుకున్నాను. నా కాలు బల్ల కింద ఊగుతూనే ఉంది. ఆపితే రెండోది మొదలుపెట్టింది. మొదటి గడి: వాసన మొదట గమనించిన సమయం.

కొత్తమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అక్కా, నేను మీకు మూడూ పదహారుకే చెప్పానని రాద్దాం. వెంటనే కెప్టెన్‌కి చెప్పామని. ఆయన ఏమీ అనరు, నాకు తెలుసు. ముక్కు సంగతి మీరు తర్వాత మెల్లగా డాక్టరుకి చెప్పుకోవచ్చు."

"ఎన్నింటికి చెప్పావు నువ్వు?"

ఆమె నా మొహం వైపు చూసింది.

"నా మొహంలో వెతక్కు. ఎన్నింటికి?"

"పదికి."

మూడూ పది అని రాశాను. గమనించింది ఎవరు అన్న చోట ఆమె ఉద్యోగం నంబరు వేశాను. చర్య ఆలస్యమైందా అన్న చోట, అయింది, ఆరు నిమిషాలు. కారణం అన్న గడి చిన్నది. నాకు వాసన తెలియదు, తెలిసినట్టు నటించాను అని రాస్తే సరిగ్గా పట్టింది. ఈసారి చెయ్యి వణికింది. అక్షరాలు వంకరపోయాయి. వాటిని చూస్తుంటే ఎందుకో నా మీద నాకు కొంచెం గౌరవం కలిగింది.

ఫోన్ మోగింది. వదిన.

"విమానం ఎక్కడో దింపేశారట, టీవీలో చూపిస్తున్నారు. నువ్వేనా అందులో? బతికే ఉన్నావా?"

"బతికున్నాను వదినా. చెప్పేశాను."

అవతల కుట్టుమిషను ఆగింది. "అందరికీనా?"

"కాగితం మీద కూడా."

"సరే. ఇంటికి రా," అని, పెట్టేసేలోగా మళ్ళీ, "మీట ఆపే ఉంది. నువ్వు అడగబోతున్నావని చెప్తున్నా," అంది.

నిజంగానే అడగబోతున్నాను.

కాగితం మడిచి లేచేసరికి కొత్తమ్మాయి తన జడ ముందుకి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. మొహం చిట్లించింది. పాత అలవాటు పోలేదు కాబోలు, జడ కొస నా వైపు చాపింది. "అక్కా, ఇంకా పొగ వాసన వస్తోందా?" చాపాక గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

వంగి కళ్ళు సగం మూయడానికి నా మెడ అప్పుడే సిద్ధమైంది. దాన్ని ఆపాను.

"నాకు తెలీదు. నువ్వే చెప్పు, ఎలా ఉంది?"

ఆమె మళ్ళీ పీల్చింది. చెప్పడానికి మాటల కోసం వెతుక్కుంటూ నిలబడింది. నేను ఆమె మొహం చూడకుండా, ఆగిపోయిన ఫ్యాను వైపు చూస్తూ, ఆమె చెప్పేదాకా ఆగాను.